వెలుగు పడకూడని చోటు

మీటరు ముల్లు సగం దాకా లేచేసరికి వాల్వుల మేస్త్రి అంతెత్తున ఎగిరిపడ్డాడు.

"ఇటు రా. వచ్చి నీ కళ్ళతో నువ్వే చూడు," అన్నాడు బావమరిదితో.

ఆ గొంతు విని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న గిటారు మేడమ్ తాగబోతున్న టీ ఆపేసింది. విప్పిన యాంపు, అంటే గిటారు శబ్దం పెంచే పెట్టె, ఆవిడదే. ఆ పెట్టె వయసు మేస్త్రి వయసు కంటే ఎక్కువ. గాజు వాల్వులతో పనిచేసే ఆ కాలపు యాంపులు ఊళ్ళో ఇంకా కొన్ని బతికున్నాయంటే అది తన చలవేనని మేస్త్రి నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం లేదు కానీ దానికి తగ్గ పొగరూ ఉంది. చెక్కపెట్టెలోంచి తీసిన ఇనప చట్రం ఇప్పుడు బల్ల మీద వెల్లకిలా పడి, కడుపులోని తీగలన్నీ కనబడేలా ఉంది. చత్వారం వచ్చాక మేస్త్రి బల్ల మీద వేలాడదీసుకున్న పెద్ద దీపం దాని మీద తెల్లగా కురుస్తోంది.

మేడమ్ పట్టుకొచ్చిన జబ్బు ఒక్కటే. యాంపులో ట్రెమొలో అని ఒక మీట ఉంటుంది. అది తిప్పితే గిటారు శబ్దం ఒక్క తీరున సాగకుండా పెరిగి తగ్గి, పెరిగి తగ్గి ఊగుతుంది. షాపులో దాన్ని ఊపు అంటారు. ఆ ఊపు నీరసపడిపోయింది. శనివారం హాల్లో కచేరీ ఉంది. ఊపు లేకపోతే ఆవిడ వాయించబోయే పాటలో సగం ప్రాణం పోతుంది.

"ఇంట్లో కాస్త నయమేనండీ. హాల్లో స్టేజీ ఎక్కాక పూర్తిగా చచ్చిపోతోంది," అని ఆవిడ వచ్చీరాగానే చెప్పింది.

"ఇంట్లో మెల్లగా వాయిస్తారు, అందుకని అలా అనిపిస్తుంది," అని మేస్త్రి తీసిపారేశాడు. తనకి తెలియని సంగతి గిరాకీ నోట రావడం ఆయనకి ఎప్పుడూ గిట్టదు.

బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. మాట తక్కువ. సోల్డరింగ్ చేసేటప్పుడు ఊపిరి బిగబట్టి, అయ్యాక వదులుతాడు. ఈ షాపులో ఎన్నో ఏళ్ళుగా ఆ బల్లకి ఒక పక్క బావ, ఇంకో పక్క అతనూ.

"ఏమైంది బావా?"

"నన్నడుగుతావేం? పోయినసారి ఇది గుయ్యిమంటోందని వస్తే విప్పిందెవరు?"

"నేనే."

"ఈ సెల్ పక్కన రెసిస్టర్లు మార్చిందెవరు?"

"నేనే బావా."

మేస్త్రి మీటరు తీగ కొసతో ఒక చిన్న గొట్టాన్ని చూపించాడు. చిటికెనవేలి గోరంత మందం. అందులో ఒక చివర బుల్లి నియాన్ బల్బు, దానికి ఎదురుగా వెలుగుని పసిగట్టే బిళ్ళ. ఊపు పుట్టేది అక్కడే. బల్బు మినుకుమంటే బిళ్ళ దారి వదులుతుంది, శబ్దం అటు జారిపోయి తగ్గుతుంది. బల్బు ఆరితే బిళ్ళ దారి మూస్తుంది, శబ్దం పెరుగుతుంది. ఆ బిళ్ళనే సెల్ అంటారు. ఈ గొట్టానికి పైన అట్టపెట్టెలకి వేసే తెల్ల టేపు చుట్టి ఉంది.

"యాంపు ఆపే ఉంది. బల్బు వెలగడం లేదు. సెల్‌కున్న రెండు తీగ కాళ్ళలో ఒకటి ఊడదీసి మీటరు పెట్టాను. చీకట్లో ముల్లు కదలాలా?"

"కదలకూడదు."

"మరి ఇదేమిటి?" అని మళ్ళీ పెట్టి చూపించాడు. ముల్లు సగం దాకా లేచి నిలబడింది. "చీకట్లో కూడా కరెంటు కారిపోతోంది. ఇది దీనితో పుట్టిన సెల్ కాదు. అదే రోజు ఇంకో చచ్చిన యాంపు విప్పి ఒక పనికిరాని సెల్ తీశాం, గుర్తుందా? అది నీ డ్రాయర్లోనే ఉండాలి. ఏదీ?"

బావమరిది డ్రాయరు లాగాడు. అందులో చెయ్యి పెట్టి కలియబెట్టాడు. కనబడలేదు. ఆ డ్రాయర్లో ఏ వస్తువైనా రెండోసారి వెతికితేగానీ దొరకదని మేస్త్రికి తెలుసు. కానీ రెండోసారి వెతికే గడువు ఇవ్వలేదు.

"మంచిది పీకి చచ్చింది పెట్టావు. మంచిది ఎవరికి అమ్ముకున్నావు?"

మేడమ్ టీ గ్లాసు కింద పెట్టేసింది. వెనక వంటింట్లోంచి మేస్త్రి భార్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది.

బావమరిది కోప్పడలేదు. ముల్లు వంకా, తన చేతుల వంకా మార్చి మార్చి చూశాడు. "నేను... అలా చేశానా బావా?" అన్నాడు.

"నాటకాలు నా దగ్గరా? నన్నే అడుగుతాడు చూశారా మేడమ్! అన్నం పెట్టిన చోట చేతివాటం. నువ్వు ఇంక ఈ బల్ల ముట్టుకోవద్దు. పో."

అతను పోయాడు. చొక్కా జేబులోంచి టెస్టరు తీసి బల్ల అంచు మీద పెట్టి మరీ పోయాడు. అక్క "ఒరేయ్" అంటే కూడా వెనక్కి తిరగలేదు. మేస్త్రికి మాత్రం తను చేసింది ధర్మమేననిపించింది. మీటరు చెప్పాక ఇంకా మాటలేమిటి?

*

ఆ రోజు నుంచీ మేస్త్రి భార్య కంచంలో అన్నం పెట్టింది గానీ నోట మాట పెట్టలేదు. కూర కావాలా అని కూడా అడక్కుండా గిన్నె ముందుకు తోసేది. తమ్ముడు ఎక్కడున్నాడో ఆవిడకి తెలుసు, చెప్పదు. మేస్త్రికి తెలియదు, అడగడు. ఇద్దరూ ఇద్దరే.

కొత్త సెల్ కోసం పై ఊరికి కబురు పంపాడు. అది వచ్చేలోపు ఊరికే కూర్చోవడం చేతకాక, ఊడదీసిన కాలు మళ్ళీ అతికించి మిగిలిన పార్టులన్నీ చూసుకుంటూ పోయాడు. ఊపు పుట్టించే వాల్వు తీసి మంచిది పెట్టాడు. అదే నీరసం. చిన్న కెపాసిటర్లు ఒక్కొక్కటే కాలు ఎత్తి చూశాడు. బాగానే ఉన్నాయి. మీట విప్పి శుభ్రం చేశాడు, కాలితో నొక్కే స్విచ్చు తీగ మార్చాడు. తెల్ల టేపులోంచి నియాన్ బల్బు ఎర్రగా, చక్కగా మినుకుమినుకుమంటూ కనబడుతూనే ఉంది. అంటే ఊపు పుడుతోంది. పుట్టిన ఊపు శబ్దం దాకా చేరడం లేదు. అన్ని దారులూ తిరిగి తిరిగి ఆ సెల్ దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

"నేనన్నది కరెక్టే," అని గట్టిగా పైకే అనుకున్నాడు. వినేవాళ్ళు ఎవరూ లేరు. ఇదివరకు ఇలాంటప్పుడు బల్లకి అవతలి నుంచి "ఆ" అని ఒక ఊకొట్టు వచ్చేది. అది రాకపోయేసరికి మేస్త్రికి చిరాకేసింది.

గురువారం మధ్యాహ్నం యాంపు ఆన్ చేసి, ఒకే శ్రుతిలో కూసే చిన్న పెట్టె దానికి తగిలించి, ఊపు మీట చివరిదాకా తిప్పి కూర్చున్నాడు. స్పీకరు 'ఊఁ' అని ఒకటే మూలుగు. పెరగడం లేదు, తగ్గడం లేదు. ఎక్కడో అడుగున సన్నగా కదులుతోందేమో, అంతే.

భార్య టీ తెచ్చింది. ఎప్పటిలా బల్ల చివర పెట్టి పోకుండా, అక్కడ ఖాళీ లేక, చట్రం మీదుగా వంగి అవతలి పక్క పెట్టబోయింది.

స్పీకరు ఊగింది.

'ఊఁ... వూఁ... ఊఁ... వూఁ' అని నిండుగా, గుండె మీద చెయ్యి వేసి తోసినట్టు. మేస్త్రి కుర్చీలో కొయ్యబారిపోయాడు. ఆవిడ గ్లాసు పెట్టి నిటారుగా నిలబడింది. ఊపు పోయింది. మళ్ళీ ఒకటే మూలుగు.

"కదలకు!" అని అరిచాడు.

ఆవిడ హడలిపోయింది. "అయ్యో, కరెంటా?"

"కాదు. ఇందాకటిలా వంగు."

ఇన్నాళ్ళూ మాట్లాడని మనిషికి ఆ మాట వినేసరికి ఒళ్ళు మండింది. "మీకేమైనా పిచ్చి పట్టిందా? నా తమ్ముణ్ణి వెళ్ళగొట్టారు, ఇప్పుడు నాతో గుంజీళ్ళు తీయిస్తారా?"

"నీకు పుణ్యముంటుంది, వంగు."

వంగింది. ఊగింది. లేచింది. ఆగింది. మళ్ళీ వంగమంటే వంగింది. ఆవిడ నీడ చట్రం మీద పడ్డప్పుడల్లా యాంపు ప్రాణం పోసుకుంటోంది. మేస్త్రి తల ఎత్తి దీపం వంక చూశాడు. కొత్త దీపం, పోయినసారి ఈ యాంపు వచ్చినప్పుడు లేనిది. తను ఏరికోరి తెచ్చి తగిలించుకున్నది.

"గొడుగు తీసుకురా," అన్నాడు.

ఆవిడ గొడుగు తెచ్చింది. ఇంట్లో గొడుగు విప్పించి, పట్టపగలు, బల్ల మీద పట్టుకోమన్నాడు. నల్ల గొడుగు కింద ఆ మూలుగు మూలుగంతా ఊపైపోయింది. గాజు సామాను సన్నగా గలగలలాడేటంత. మేస్త్రి యాంపు ఆపి, వాల్వులు చల్లబడేదాకా ఆగి, సెల్ కాలు ఊడదీసి, గొడుగు నీడలోనే మీటరు పెట్టాడు. ముల్లు ఉన్నచోటి నుంచి కదలలేదు. గొడుగు పక్కకి జరపమన్నాడు. ముల్లు సగం దాకా లేచింది.

సెల్ కారడం లేదు. దాని మీద వెలుగు పడుతోంది. చీకట్లో ఉండవలసిన బిళ్ళని దీపం కింద పెట్టి, చీకట్లో ఉందనుకుని కొలిచాడు.

"ఇక్కడ నల్ల తొడుగు ఉండాలి," అన్నాడు మెల్లగా. "దీనికి ఎవడో తెల్ల టేపు..." అంటూ గొట్టాన్ని పట్టకారుతో అటు తిప్పాడు. టేపు చివర అడుగు వైపు ఉంది. ఆ చివర చిన్నగా, అంగుళంలో పావు వంతు, వెనక్కి మడిచి ఉంది.

మేస్త్రి ఆ మడతని గోటితో లేపి చూశాడు.

టేపు చివర అలా మడిస్తే మళ్ళీ విప్పేటప్పుడు గోటికి దొరుకుతుంది. ఈ షాపులో అలా మడిచేది ఒక్కడే. బావమరిది ఎప్పుడూ మడవడు. మడవవేమిరా అని మేస్త్రి అతన్ని తిట్టని వారం లేదు. ఇప్పుడా మడత చూస్తుంటే పోయినసారి రిపేరు నాటి సాయంత్రం అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. పార్టులు మార్చడం ముగించి బావమరిది చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చివరి పరీక్ష మేస్త్రి చేశాడు. బల్బు సరిగా మినుకుతోందో లేదో చూద్దామని నల్ల తొడుగుని బ్లేడుతో తనే నిలువునా చీల్చాడు. నల్ల టేపు అయిపోయింది. తర్వాత మారుద్దాంలే అని చేతికందిన తెల్ల టేపు చుట్టాడు. మారుద్దామన్న సంగతి మర్చిపోయాడు. అది చాలక, వాల్వులు వేడెక్కుతున్నాయి కాబట్టి యాంపు వెనక చెక్క బిగించొద్దని మేడమ్‌కి సలహా కూడా ఇచ్చాడు. స్టేజీ మీద దీపాలు వెనక నుంచి పడతాయి. ఇంట్లో పడవు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

"ఏమైంది? అలా అయిపోయారేమిటి?" అంది భార్య, గొడుగు పట్టుకునే.

"ఇది నేను చుట్టిందే."

ఆవిడకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక విప్పిన గొడుగుతోనే స్టూలు మీద కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది మేస్త్రికి.

"వాణ్ణి దొంగన్నారు," అంది గొడుగు ముడుస్తూ. "పరాయి మనిషి ఎదురుగా."

*

ముందు మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఎవరి ఎదురుగా అన్నాడో వాళ్ళ ఎదురుగానే మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. ఆవిడ మేడ మీద గదిలో పిల్లలకి పాఠం చెబుతోంది. బయటికి వచ్చి, ఈయన నోరు తెరవకముందే, "ఎందుకండీ ఈ మాత్రం దానికి మీరు కూడా రావడం? మీ బావమరిది మొన్ననే వచ్చి చెప్పేశాడుగా," అంది.

"ఏం చెప్పాడు?"

"సెల్ తనే మార్చేశానని. పొరపాటున పాతది పెట్టేశాననీ, బావకి ఇందులో ఏ సంబంధం లేదనీ, ఆయన చేతిపని మీద నమ్మకం పోగొట్టుకోవద్దనీ. ఒకటే బతిమాలాడు, కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. నాకే సిగ్గేసింది. పోనీలెండి, ఏదో జరిగిపోయింది. ఒప్పుకున్నాడు కదా, మళ్ళీ పనిలో పెట్టుకోండి."

చెయ్యని పని చేశానని ఎలా ఒప్పుకున్నాడు? కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో, "అతను మార్చలేదండీ. తప్పు నాది," అని మాత్రం అనగలిగాడు. మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మరి అతనెందుకు ఒప్పుకున్నాడు?" అంది. మేస్త్రి ఊరికే నమస్కారం పెట్టి మెట్లు దిగాడు.

అక్క కోసమై ఉంటుంది, అనుకున్నాడు దారిలో. షాపు పరువు పోతే అక్క సంసారం ఏమవుతుందోనని తన నెత్తిన వేసుకుని ఉంటాడు. పిచ్చివాడు. అలా అనుకుంటే ఏదో ఒక అర్థం దొరికినట్టే ఉంది. బావమరిది ఎక్కడున్నాడో ఈసారి భార్య అడక్కుండానే చెప్పింది: పాత బస్టాండు వెనక మోటార్లకి తీగ చుట్టే షాపు.

వెళ్ళేసరికి అతను ఒక మూల నేల మీద కూర్చుని రాగి తీగ చుట్టలు బరువుని బట్టి వేరు చేస్తున్నాడు. రెండు బల్లల దగ్గర తీగ చుట్టేవాళ్ళు చుడుతున్నారు. వాళ్ళు అడిగింది అందించడం అతని పని.

"ఇదేమిట్రా? నీకు చుట్టడం రాదా? సోల్డరింగ్ రాదా?"

"వాళ్ళు చెయ్యమన్నారు బావా. నేనే వద్దన్నాను." లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "అక్క బాగుందా?"

మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దీపం, గొడుగు, తెల్ల టేపు, మడత. ఎక్కడా తగ్గించుకోలేదు. చెప్పడం అయ్యాక తిట్టినా, కొట్టినా పడదామని సిద్ధంగా నిలబడ్డాడు. బావమరిది విన్నాడు. మొహంలో సంతోషం రాలేదు. నుదురు ముడిపడింది, లెక్క తేలనివాడిలా.

"నిజంగానా?"

"నిజంగా."

"నువ్వు నన్ను వెనక్కి పిలవడానికి ఇలా చెప్పడం లేదు కదా?"

"ఒరేయ్, నేను చుట్టిన టేపు రా అది! నువ్వు ఆ సెల్ ముట్టుకోనే లేదు. మరి నువ్వెందుకు మేడమ్ దగ్గరికి పోయి మార్చానని చెప్పావు? నా పరువు కోసమేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మార్చాననే అనుకున్నాను బావా."

మేస్త్రి అతని మొహంలోకి వంగి చూశాడు.

"మీటరు నాకు కూడా చూపించావు కదా. నా కళ్ళతో నేనే చూశాను. ఆ రోజు రెండు సెల్‌లూ బల్ల మీదే ఉన్నాయి. మంచిది తీసి పక్కన పెట్టి, చూసుకోకుండా పాతది అతికేశానేమో అనుకున్నాను. రాత్రి పడుకుని ఎంత గుర్తు చేసుకున్నా, ముందు గుర్తు రాలేదు. తర్వాత తర్వాత గుర్తొచ్చింది. ఎడం చేత్తో పట్టుకున్నట్టు, కాలు వంచినట్టు, అన్నీ." ఆగాడు. "అమ్ముకోలేదు. అదొక్కటీ గట్టిగా తెలుసు. మిగతాది నువ్వు చెప్పావంటే జరిగే ఉంటుందనుకున్నాను."

అతను అబద్ధం ఆడలేదు, త్యాగం చెయ్యలేదు. నమ్మాడు. జరగని పనిని తన చేతులే చేసినట్టు కళ్ళకి కట్టేదాకా నమ్మాడు. అతనికి ఆ నమ్మకం ఆ ఒక్క రోజు నాటిది కాదని మేస్త్రికి అర్థమైంది. రోజూ కొంచెం, రోజూ కొంచెం, "నీ మొహం", "నీకేం తెలుసు", "నేను చెప్పాను కదా" అంటూ బల్లకి ఇవతల కూర్చుని తనే ఎక్కించాడు. పక్కన మోటారు ఒకటి పరీక్షకి గిర్రుమని తిరిగి ఆగింది. మేస్త్రి అతని భుజం పట్టుకున్నాడు. వదలడం ఎలాగో తెలియలేదు.

"ఇంటికి పద," అన్నాడు.

వాదించకుండా వచ్చాడు. అది కూడా మేస్త్రికి భయమే వేసింది.

*

శనివారం పొద్దున్న నల్ల తొడుగు వెయ్యడం బావమరిదినే చెయ్యమన్నాడు మేస్త్రి. తను బల్ల దగ్గరికి కూడా పోకుండా కిటికీ పక్కన కూర్చున్నాడు. బావమరిది సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేదాకా ఆగాడు, సెల్ కాలు పట్టుకున్నాడు, ఊపిరి బిగబట్టాడు. బిగబట్టినవాడు అతికించలేదు.

"బావా, ఇదేనా?"

రెండే కాళ్ళు. ఒకటి అతికే ఉంది. రెండోది వెళ్ళవలసిన చోటు ఒక్కటే. కళ్ళు మూసుకుని చెయ్యగల పని.

"అదే," అన్నాడు మేస్త్రి.

అతికించాడు. తొడుగు ఎక్కించి వేడి చూపించాడు. అది ముడుచుకుని గొట్టాన్ని పట్టేసింది. "సరిగ్గానే ఉందంటావా?" అన్నాడు. ఆ తర్వాత వెనక చెక్కకి ఏ స్క్రూ అని అడిగాడు. మేస్త్రి భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. తమ్ముడు తిరిగొచ్చాడని నిన్న రాత్రి ఏడ్చిన మనిషి, ఇప్పుడు మొగుడి వంక చూసిన చూపులో ఆ సంతోషం లేదు. ఏం చేశారు వీణ్ణి, అన్నట్టుంది ఆ చూపు.

మేడమ్ గిటారు తెచ్చింది. తీగ తగిలించి, ఊపు మీట పెంచి, ఒక్కసారి మీటింది. శబ్దం గదంతా నిండి వెనక్కి తగ్గి మళ్ళీ నిండింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. కాసేపు వాయించి, మేస్త్రిని వదిలేసి, కావాలనే బావమరిది వైపు తిరిగింది.

"మీరు చెప్పండి. ఊపు సరిపోయిందా?"

బావమరిది నోరు తెరిచాడు. తెరిచి, బావ మొహంలోకి చూశాడు.

భేషుగ్గా ఉందన్న మాట మేస్త్రి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. తను తల ఊపినా, కనుబొమ్మ ఎగరేసినా అతను దాన్నే పట్టుకుంటాడు. అందుకని లేచి, చెప్పులు వేసుకోకుండానే షాపు బయటికి వెళ్ళి వీధి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా ఎండలో ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. వెనక మేడమ్ మళ్ళీ మీటింది. ఎంత బాగా ఊగుతోందో వీపుకి కూడా తెలుస్తోంది. తీగ మోత అణిగాక ఆవిడ అదే ప్రశ్న ఇంకోసారి, ఈసారి మెత్తగా అడిగింది.

మేస్త్రి వెనక్కి తిరగలేదు. లోపలి నుంచి జవాబు ఇంకా రాలేదు.